ఒక చక్రం ఊరికే తిరుగుతుంటే: డిఫరెన్షియల్ లాక్‌ల లెక్క

ఫోర్‌వీల్ డ్రైవ్ బండి బ్రోచర్ తెరిస్తే ఎల్‌ఎస్‌డీ (లిమిటెడ్ స్లిప్), ఈఎల్‌డీ (కరెంటుతో పడే లాక్), ఎంఎల్‌డీ (తనంతట తానే పడే మెకానికల్ లాక్), బీఎల్‌డీ (బ్రేక్ లాక్) లాంటి పేర్లు కనిపిస్తాయి. అన్నింటికీ చివర డీ ఉంది కదా, అన్నీ ఒకే పని చేస్తాయనుకుంటే పొరపాటే. వీటిలో కొన్ని డిఫరెన్షియల్‌ను, అంటే యాక్సిల్ మీది రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరికను, పూర్తిగా బిగించేస్తాయి. ఎల్‌ఎస్‌డీ కొంతవరకే బిగిస్తుంది. బీఎల్‌డీకి డిఫరెన్షియల్ లోపలి గేర్లతో సంబంధమే లేదు, అది బ్రేకులతో నడిచే వ్యవహారం. ఇవి చాలవన్నట్టు బండి కొన్నాక విడిగా వేయించుకునే ఎయిర్ లాకర్లు, ఆటోమేటిక్ లాకర్లు ఉండనే ఉన్నాయి. అందుకే ‘మా బండికి లాకర్ ఉంది’ అన్నవాళ్లందరూ ఒకే గుంటలోంచి ఒకేలా బయటపడరు.

ఏది మంచిదన్న గొడవలోకి దిగే ముందు రెండు సంగతులు తేలాలి. జారుతున్న చక్రం నేల మీద ఉందా, గాల్లో ఉందా? లాక్ పడాల్సింది చక్రం జారకముందా, జారడం మొదలయ్యాకా? ఈ విషయంలో నేను విన్న వాదనల్లో చాలావరకు ఈ రెండు ప్రశ్నల దగ్గరే తెగిపోతాయి.

## మలుపులో ఒక చుట్టు తేడా

బండి మలుపు తిరిగేటప్పుడు బయటివైపు చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలివైపుది తక్కువ. ఎంత తేడా? రెండు చక్రాల మధ్య వెడల్పు 1.5 మీటర్లు అనుకుందాం. 90 డిగ్రీల మలుపులో బయటి చక్రం లోపలిదానికంటే సుమారు 2.36 మీటర్లు ఎక్కువ నడుస్తుంది. తమాషా ఏమిటంటే, మలుపు ఇరుకైనా విశాలమైనా ఈ తేడా మారదు. తిరిగిన కోణం, చక్రాల మధ్య వెడల్పు, ఈ రెండే లెక్క. 75 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న టైరు ఒక చుట్టు తిరిగితే నడిచేదీ 2.36 మీటర్లే. అంటే ఒక్క వీధి మలుపు దాటేలోపు బయటి చక్రం ఒక పూర్తి చుట్టు ఎక్కువ తిరగాలి.

రెండు చక్రాలనూ ఒకే కడ్డీకి బిగించేస్తే ఆ చుట్టు తేడా ఎటు పోవాలి? ఏదో ఒక టైరు నేల మీద ఈడ్చుకుపోక తప్పదు. బురదలో, ఇసుకలో టైరు తేలిగ్గా జారుతుంది కాబట్టి మనకు పెద్దగా తెలియదు. తారు రోడ్డు మీద అయితే టైరు కీచుమంటుంది, బండి తిరగనని మొండికేస్తుంది, చక్రాలను తిప్పే కడ్డీలు, అంటే యాక్సిల్ షాఫ్టులు, మెలిపడతాయి. ఈ బాధ తప్పించేదే డిఫరెన్షియల్. ఫ్రాన్స్‌కు చెందిన ఒనెసిఫోర్ పెకేర్ 1820ల చివర్లో ఆవిరి బండి కోసం దీనికి పేటెంట్ తీసుకున్నాడు. పెట్రోలు కారు పుట్టింది ఆ తర్వాత దాదాపు అరవై ఏళ్లకు.

లోపల జరిగేది ఇది. ఇంజిన్ నుంచి వచ్చే తిప్పే బలం, అంటే టార్క్, పినియన్ అనే చిన్న గేరు నుంచి క్రౌన్ వీల్ అనే పెద్ద గేరుకు, దాని నుంచి దానికి బిగించిన కేజ్‌కు (గేర్లుండే గూడుకు) చేరుతుంది. కేజ్‌లో అడ్డంగా స్పైడర్ గేర్లు, వాటికి చెరోవైపు ఒక సైడ్ గేరు, ఆ సైడ్ గేర్లలోకి దూరిన యాక్సిల్ షాఫ్టులు ఉంటాయి. బండి నేరుగా పోతున్నప్పుడు స్పైడర్ గేర్లు తమ చుట్టూ తాము తిరగవు. మలుపులో మాత్రం తిరుగుతాయి. లోపలి చక్రం ఎన్ని చుట్లు తగ్గితే బయటి చక్రానికి అన్ని చుట్లు కలుపుతాయి.

## బలమంతా జారే చక్రానికే పోతుందా?

ఓపెన్ డిఫరెన్షియల్ అంటే ఏ లాకూ లేని మామూలు రకం. ‘అది బలమంతా జారే చక్రానికే పంపించేస్తుంది’ అన్న మాట ఎక్కడ చూసినా వినిపిస్తుంది. చూసేవాళ్లకు అలాగే అనిపిస్తుంది కూడా. బురదలో ఉన్న చక్రం గిరగిరా తిరుగుతుంది, గట్టి నేల మీద ఉన్నది కదలదు.

నిజానికి ఓపెన్ డిఫరెన్షియల్ టార్క్‌ను ఎప్పుడూ రెండు వైపులా సమానంగానే పంచుతుంది. చిక్కు అక్కడే ఉంది. అది త్రాసు లాంటిది, ఒక పళ్లెంలో ఎంత ఉంటే రెండో పళ్లెంలోనూ అంతే నిలుస్తుంది. జారే చక్రం 100 మాత్రమే తట్టుకుంటే, రెండో చక్రం 1,000 తట్టుకోగలిగినా దానికి దక్కేది 100. ఇంజిన్‌ను ఎంత రేజ్ చేసినా జారే చక్రం వేగం పెరుగుతుందే తప్ప తోపు పెరగదు.

ఈ ఒక్కటి బుర్రకెక్కితే లాకర్ల రకాలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. అన్నీ ఆ సమానత్వాన్ని చెడగొట్టే ఉపాయాలే.

## ఒక చక్రం బురదలో, ఇంకొకటి రాయి మీద

టార్క్‌ను టైరు నేలను తోసే బలంగా మార్చి చెబుతాను, లెక్క తేలికవుతుంది. వెనక యాక్సిల్ మీద 1,000 కిలోల బరువుంది. ఒక్కో చక్రం మీద 500 కిలోలు, అంటే సుమారు 5,000 న్యూటన్లు. ఎడమ చక్రం జారుడు బురదలో ఉంది, అక్కడ పట్టు బరువులో ఐదో వంతే. అంటే 1,000 న్యూటన్ల దగ్గర జారిపోతుంది. కుడి చక్రం పొడి రాయి మీద ఉంది, 4,000 దాకా తట్టుకుంటుంది. ఎదురుగా ఉన్న ఎత్తు ఎక్కాలంటే ఈ యాక్సిల్ నుంచి 3,200 న్యూటన్ల తోపు కావాలనుకుందాం.

ఓపెన్ డిఫరెన్షియల్ ఇచ్చేది రెండు వైపులా వెయ్యి, మొత్తం 2,000. బండి అక్కడే ఉంటుంది.

ఎల్‌ఎస్‌డీ అంటే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. వీటిలో హెలికల్ గేర్ల, అంటే ఏటవాలు పళ్లున్న గేర్ల రకం ఒకటుంది. టోర్సెన్, ట్రూట్రాక్ ఈ జాతివే. పట్టు తక్కువున్న వైపు ఎంత టార్క్ నిలుస్తుందో దానికి కొన్ని రెట్లు రెండో వైపుకు పంపగలగడం దీని గుణం. ఎన్ని రెట్లన్నదాన్ని బయాస్ రేషియో అంటారు. అది 3 అనుకుంటే ఎడమకు 1,000, కుడికి 3,000, మొత్తం 4,000. బండి ఎక్కేస్తుంది. డ్రైవర్ ఏ స్విచ్చూ నొక్కలేదు, ఏ చప్పుడూ లేదు.

పూర్తి లాక్ అయితే ఎవరు ఎంత తట్టుకుంటే వాళ్లకంత. మొత్తం 5,000.

ఇక బీఎల్‌డీ, అంటే బ్రేక్ లాకింగ్. ఏబీఎస్ సెన్సార్లు చక్రం జారడం పసిగడితే సిస్టమ్ ఆ ఒక్క చక్రానికే బ్రేక్ వేస్తుంది. ఎడమ చక్రానికి 1,500 న్యూటన్లకు సరిపడా బ్రేక్ పడిందనుకుంటే ఎడమవైపు గేరుకు మొత్తం 2,500 ఎదురు నిలిచినట్టే. కాబట్టి కుడివైపుకూ 2,500 వస్తుంది. నేలకు చేరేది 1,000 ప్లస్ 2,500, మొత్తం 3,500. బండి ఎక్కింది. కానీ ఇంజిన్ 5,000 ఇవ్వాల్సి వచ్చింది. మిగతా 1,500 బ్రేక్ డిస్కులో వేడిగా పోయింది.

ఈ గుంట వరకు చూస్తే హెలికల్ ఎల్‌ఎస్‌డీకీ లాకర్‌కూ పెద్ద తేడా లేదు. ‘లాకర్ దండగ, ఎల్‌ఎస్‌డీ చాలు’ అనేవాళ్ల అనుభవం ఎక్కువగా ఇలాంటి చోట్లదే. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు.

## అదే చక్రం గాల్లోకి లేస్తే

ఎగుడుదిగుడు రాళ్ల మధ్య సస్పెన్షన్ చాచగలిగినంతా చాచినా ఒక్కోసారి చక్రం నేలకు అందదు. ఎడమ చక్రం గాల్లో ఉంది, 1,000 కిలోలూ కుడి చక్రం మీదే. అక్కడ 6,000 న్యూటన్ల పట్టు ఉందనుకుందాం. ఎడమకు సున్నా.

ఓపెన్: సున్నా. హెలికల్ ఎల్‌ఎస్‌డీ: సున్నాకు మూడు రెట్లు, అదీ సున్నాయే. మొదటి గుంటలో వెలిగిపోయిన వస్తువు ఇక్కడ చేతులెత్తేస్తుంది. క్లచ్ ప్లేట్ల రకం ఎల్‌ఎస్‌డీ కొంచెం నయం, దానిలో స్ప్రింగులు ప్లేట్లను ముందే కొంత నొక్కిపెడతాయి కాబట్టి ఎంతో కొంత తోపు దక్కుతుంది. అయితే ప్లేట్లు అరిగేకొద్దీ అదీ తగ్గుతుంది. బీఎల్‌డీ తన 1,500 బ్రేకుతో ఇక్కడా 1,500 ఇస్తుంది. లాకర్ 6,000 ఇస్తుంది.

ఎల్‌ఎస్‌డీ, బీఎల్‌డీ రెండూ ఉన్న బండిలో కథ మారిపోతుంది. బ్రేక్ పుట్టించిన 1,500ను హెలికల్ గేర్లు మూడు రెట్లు చేసి రెండో వైపుకు 4,500 పంపుతాయి. ఈ జోడీకి దక్కాల్సినంత పేరు దక్కలేదని నాకనిపిస్తుంది.

పాత డ్రైవర్లు చెప్పే చిట్కా కూడా ఇక్కడే పనికొస్తుంది: చక్రం గాల్లో తిరుగుతుంటే యాక్సిలరేటర్ మీద కాలు ఉంచే బ్రేకును కొంచెం తొక్కడం. కొందరి బండ్లలో ఇది పనిచేస్తుంది, కొందరి బండ్లలో చెయ్యదు. ఎందుకో లెక్క చెబుతుంది. పెడల్ తొక్కితే బ్రేక్ రెండు చక్రాలకూ పడుతుంది. ఒక్కోదానికి 800 అనుకుంటే, ఓపెన్ డిఫరెన్షియల్‌లో కుడి చక్రానికి 800 వస్తుంది, దాని బ్రేకే ఆ 800 తినేస్తుంది. మిగిలేది సున్నా. హెలికల్‌లో 2,400 వస్తుంది, బ్రేక్ 800 తిన్నా 1,600 మిగులుతుంది.

## లాక్ వేసేది ఎవరు

పూర్తి లాకర్లలో అసలు తేడా లాక్ పడ్డాక ఉండే బలంలో కాదు, ఎప్పుడు పడుతుందన్నదానిలో ఉంది.

డ్రైవర్ చేతిలో ఉండేవాటిని సెలెక్టబుల్ లాకర్లంటారు. గాలితో పనిచేసేవి, కరెంటుతో పనిచేసేవి, కేబుల్ లాగితే పనిచేసేవి ఉన్నాయి. స్విచ్ ఆపేస్తే మామూలు ఓపెన్ డిఫరెన్షియల్, వేస్తే పూర్తి లాక్. గాలి రకంలో ఆస్ట్రేలియాకు చెందిన ఏఆర్‌బీ ఎయిర్ లాకర్ బాగా ప్రసిద్ధం. చిన్న కంప్రెసర్ నుంచి సన్నటి పైపు డిఫరెన్షియల్ లోపలికి వెళ్తుంది. గాలి ఒత్తిడికి లాకింగ్ రింగు జరిగి గేరును పట్టుకుంటుంది. తక్షణం పడుతుంది, తక్షణం వదులుతుంది. కాకపోతే పైపు సైలెన్సర్‌కు తగిలి కరిగినా, లోపలి ఓ-రింగు పాడై గాలి లీకైనా లాక్ పడదు. ఎలక్ట్రిక్ రకంలో పైపుల గోల లేదు, వైరింగ్‌లోకి నీళ్లు పోకుండా చూసుకుంటే చాలు. టొయోటా కొన్ని మోడళ్లలో మోటారుతో నడిచే లాక్ ఇచ్చింది. వాటిలో స్విచ్ తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద లైటు మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. లోపల పళ్లు ఒకదాని సందుల్లో ఒకటి కూర్చున్నాకే నిలకడగా వెలుగుతుంది. మిణుకుతున్నంతసేపూ లాక్ పడలేదనే లెక్క. కొత్తవాళ్లు ఆ ఒకటి రెండు క్షణాలు ఆగలేక, చక్రం తిరుగుతుండగానే లాక్ వేసి పళ్లు విరగ్గొట్టుకుంటారు.

లాక్ తీశాక కూడా లైటు ఆరకపోతే చాలామంది టెన్షన్ పడతారు. చాలాసార్లు అది షాఫ్టుల్లో మిగిలిన మెలి వల్ల పళ్లు బిగుసుకుపోవడమే. బండి కాస్త వెనక్కి పోయినా, స్టీరింగ్ అటూ ఇటూ ఆడినా వదులుతుంది.

రెండో రకం, వేగంలో తేడాను చూసి తనంతట తానే పడే మెకానికల్ లాకర్. ఈటన్ కంపెనీ చేసే రకంలో రెండు చక్రాల మధ్య తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు దాటితే లోపలి చిన్న బరువులు విచ్చుకుని ఒక కొక్కేన్ని తగిలిస్తాయి. దాంతో క్లచ్ ప్లేట్లు నొక్కుకుని డిఫరెన్షియల్ బిగుసుకుంటుంది. సుమారు 30 కిలోమీటర్ల వేగం దాటితే అసలు పడదు. 100 చుట్లంటే ఎంత? మన 75 సెంటీమీటర్ల టైరుకు నిమిషానికి 236 మీటర్లు, గంటకు 14 కిలోమీటర్లు. నాలుగు సెకన్లలో వీధి మలుపు తిరిగితే వచ్చే తేడా నిమిషానికి 15 చుట్లే, కాబట్టి రోడ్డు మీద అనవసరంగా పడదు. అదే బురదలో నిలబడిన బండికి లాక్ పడాలంటే ఒక చక్రం 14 కిలోమీటర్ల వేగంతో నేలను తవ్వాలి. భయపడి యాక్సిలరేటర్ సున్నితంగా తొక్కేవాళ్లకు ఇది పడనే పడదు. ‘మా బండిలో లాకర్ పనిచెయ్యట్లేదు’ అన్న ఫిర్యాదుల్లో కొన్ని ఇలాంటివే.

మూడోది ఆటోమేటిక్ లాకర్. డెట్రాయిట్ లాకర్ ఇందులో పాతకాపు. దీని తీరు తలకిందులుగా ఉంటుంది. మామూలుగా లాక్ అయ్యే ఉంటుంది. మలుపులో బయటి చక్రం ముందుకు పరుగెత్తినప్పుడు ఆ వైపు మాత్రం వదిలేస్తుంది. ఆ కాసేపు బండిని నడిపేది లోపలి చక్రం ఒక్కటే. వైర్లు, పైపులు, స్విచ్చులు లేవు, కాబట్టి చెడేవీ తక్కువే. లంచ్‌బాక్స్ లాకర్లని పిలిచేవి ఇందులోనే చౌక రకం. ఉన్న కేజ్‌లోనే స్పైడర్ గేర్లు తీసేసి వీటిని పెడతారు. ఇబ్బంది రోడ్డు మీద వస్తుంది. మలుపుల్లో టకటక చప్పుడు, యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడు ధడేల్‌మని ఒక కుదుపు, తడి రోడ్డు మీద వెనక భాగం పక్కకు లాగడం. వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, తక్కువున్న బండ్లలో ఇది ఇంకా ఎక్కువ తెలుస్తుంది. అలవాటైతే పర్వాలేదంటారు దీన్ని ఇష్టపడేవాళ్లు. ఆ బండిని ఇంట్లో అందరూ నడుపుతుంటే మాత్రం అందరికీ అలవాటు కావాలి.

## కంప్యూటర్ ఉండగా ఇనుము ఎందుకు?

కొత్త బండ్లలో ట్రాక్షన్ కంట్రోల్, అంటే బీఎల్‌డీలా బ్రేకులతో జారుడును అదుపుచేసే కంప్యూటర్ వ్యవస్థ, బాగా మెరుగుపడిన మాట నిజం. ఏ చక్రం జారినా చూస్తుంది, బరువు పెరగదు, స్టీరింగ్‌కు అడ్డం పడదు, రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. మామూలు ఆఫ్‌రోడ్‌కు ఇది చాలన్న వాదనలో బలముంది.

ఎదుటి వాదన వేళకు సంబంధించినది. బ్రేక్ పడాలంటే ముందు చక్రం జారాలి. కదిలే రాయి మీద, వదులు మట్టి ఉన్న నిటారు ఎత్తు మీద ఆ ఒక్క జారుడే పట్టు మొత్తం పోగొట్టవచ్చు. సెలెక్టబుల్ లాకర్‌ను ఎత్తు మొదట్లోనే వేసుకోవచ్చు, రెండు చక్రాలూ ఒకే వేగంతో మెల్లగా పాకుతాయి. పైగా పొడవైన ఇసుక దారిలో బ్రేకులు అదే పనిగా పనిచేస్తే వేడెక్కి, సిస్టమ్ తనను తాను కాపాడుకోవడానికి కాసేపు ఆగిపోవచ్చు. రెండు వాదనలూ తమ తమ నేల మీద నిజమే.

లాక్ వేస్తే చాలా బండ్లలో ఏబీఎస్, స్టెబిలిటీ కంట్రోల్ ఆగిపోతాయి. రెండు చక్రాలు కట్టేసినట్టు తిరుగుతుంటే ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేక్ వేయడం కుదరదు కాబట్టి. ఫ్యాక్టరీ లాకర్లు ఎక్కువగా 4ఎల్ గేరులోనే (నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపే లో రేంజ్‌లోనే) పడేలా ఉండటానికి కారణాల్లో ఇదొకటి.

## ముందు యాక్సిల్‌కా, వెనక యాక్సిల్‌కా

ఒక్కదానికే వేయించుకోగలిగితే ఎక్కువమంది వెనకకే ఓటేస్తారు. కారణం ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి ఒరగడం. చదును నేల మీద ముందు వెనక చెరిసగం బరువున్న బండి, వీల్‌బేస్ 2.5 మీటర్లు, బరువు కేంద్రం నేల నుంచి 0.7 మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. 30 డిగ్రీల వాలు మీద వెనక చక్రాల మీద దాదాపు మూడింట రెండు వంతుల బరువు పడుతుంది. పట్టు ఉన్నచోట లాక్ పెట్టడం న్యాయమే. ముందు లాక్ పడితే స్టీరింగ్ బరువెక్కుతుంది, బండి తిరగనంటుంది. చక్రాలు పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు సీవీ జాయింట్ల మీద, అంటే చక్రం తిరిగినా షాఫ్టు వంగి బలం అందించే కీళ్ల మీద, భారం బాగా పెరుగుతుంది.

ముందుకే వేయాలనేవాళ్ల దగ్గరా ఒక గట్టి పాయింటుంది. ముందు హబ్‌లు (చక్రాన్ని షాఫ్టుకు కలిపే భాగాలు) విడదీయగలిగే, అవసరమైనప్పుడే నాలుగు చక్రాలకూ బలమిచ్చే పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్ బండిలో రోడ్డు మీద ముందు యాక్సిల్‌కు డ్రైవ్ ఉండదు. కాబట్టి చౌకైన ఆటోమేటిక్ లాకర్‌ను ముందు పెట్టినా రోడ్డు మీద దాని టకటకలు, కుదుపులు ఏవీ తెలియవు.

ఎప్పుడూ నాలుగు చక్రాలకూ బలం పోయే, ముందు వెనక యాక్సిళ్ల మధ్యలో ఇంకో డిఫరెన్షియల్ ఉండే ఫుల్‌టైమ్ బండ్ల సంగతి వేరు. వాటిలో దాన్ని లాక్ చెయ్యకపోతే ఒక్క చక్రం జారినా నాలుగూ నీరసపడిపోతాయి. మెర్సిడెస్ జి-క్లాస్‌లో మూడు లాక్ స్విచ్చుల మీద 1, 2, 3 అని అంకెలుంటాయి. మొదట మధ్యది, తర్వాత వెనకది, చివరికి ముందుది. ఆ వరసలోనే ఎంత జాగ్రత్త కావాలో కూడా ఉంది.

## విరిగేది ఏది

లాకర్ లేనప్పుడు పట్టులేని చక్రమే యాక్సిల్ షాఫ్టును కాపాడుతుంది. మన మొదటి గుంటలో ఒక్కో షాఫ్టుకు 1,000 న్యూటన్ల భారమే పడింది. చక్రం వ్యాసార్ధం 0.375 మీటర్లు కాబట్టి టార్క్ 375 న్యూటన్ మీటర్లు. లాక్ వేసి ఒక చక్రం గాల్లో ఉన్నప్పుడు రెండో షాఫ్టు మీద 6,000 న్యూటన్లు, అంటే 2,250 న్యూటన్ మీటర్లు. ఆరు రెట్లు. అదీ టైరు జారే వీలుంటేనే. ఆ టైరు రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంటే జారదు కూడా. అప్పుడు లో రేంజ్ మొదటి గేరు ఆ యాక్సిల్‌కు పంపే టార్క్ మొత్తం ఒక్క షాఫ్టు మీదికే వస్తుంది. పెద్ద టైర్లు వేసిన బండ్లలో లాకర్ తర్వాత షాఫ్టులు విరగడం అందుకే ఎక్కువ.

బిగింపులోనూ తేడాలున్నాయి. కేజ్ మొత్తం మార్చే లాకర్‌కు క్రౌన్-పినియన్ మధ్య సందు, బేరింగుల బిగువు షిమ్‌లతో (పలుచటి రేకులతో) మళ్లీ కుదర్చాలి. ఆ సందు సరిగా కుదరకపోతే ఎంత మంచి లాకరైనా బండి కూతపెడుతుంది, కొంతకాలానికి పళ్లు అరిగిపోతాయి. లంచ్‌బాక్స్ రకానికి ఆ పని లేదు. కొనే ముందు షాఫ్టు మీద స్ప్లైన్ల (పొడవాటి గాడి పళ్ల) సంఖ్య, క్రౌన్ సైజు, గేర్ రేషియో సరిపోలాలి. ఒకే మోడల్ బండిలో కూడా ఇవి ఏడాదిని బట్టి మారుతుంటాయి. ఆయిల్ సంగతి చిన్నదే గానీ చాలామంది తడబడేది అక్కడే. క్లచ్ ప్లేట్ల ఎల్‌ఎస్‌డీకి ఫ్రిక్షన్ మాడిఫయర్ (రాపిడిని సర్దే మందు) కలిపిన ఆయిల్ కావాలి, లేకపోతే మలుపుల్లో గరగరమంటుంది. హెలికల్ రకం పనిచేసేదే గేర్ల మధ్య రాపిడితో. దానికి అదే ఆయిల్ పోస్తే ఆ రాపిడి తగ్గి, డబ్బు పెట్టి కొన్న బయాస్‌లో కొంత పోతుంది.